పద్నాలుగున్నర చుట్లు

మౌలాలి రిటైరయిన పొద్దు
నా చేతికిచ్చినవి రెండే:
మనిషెత్తు ఇనుప తాళంచెవి,
సగం నిండిన కందెన డబ్బా.

మ్యాపేది మామా అంటే
మోకాలు తట్టి చూపించినాడు.
"ఆఫీసులోది చెదలు తినింది.
ఇది ఇంగా నొప్పి పెడ్తాంది, కాబట్టి ఉన్నట్టే."

పాతూరంటే మీకు బురుజు,
బురుజు పక్కన బజ్జీల బండి.
నాకు పాతూరంటే వాలు.
ఏ గేరి ఏ గేరికంటే జానెడు పల్లమో,
ఏ సందులో తెల్లారుజామున
నీళ్ళు ముందు దగ్గి తర్వాత మాట్లాడతాయో,
అదీ నా కర్నూలు.

గాజులోళ్ళ గేరి వాల్వు కుడికి తిరగదు.
ఎవరు బిగించినారో, ఏ దొర కాలంలోనో,
ఎడమకి పద్నాలుగున్నర చుట్లు.
పదిహేను తిప్పితే
సున్నపు బట్టీ సందు ఎండిపోతుంది.
ఆ అర చుట్టు దగ్గర రెండు గేర్లకు
మూడు తరాలుగా మాటల్లేవు.

ఆ వాల్వు బీబమ్మ గడప కింద ఉంది.
కాదు, వాల్వు మీద బీబమ్మ గడప ఉంది.
రోజు మార్చి రోజు ఆమె ముక్కాలిపీట జరుపుకుంటుంది,
నేను బండ లేపుతా.
"మెల్లగ రా, మా మామ పెండ్లికి ఏసిన బండ."
ఊరు రాజధానైన మూడేండ్లు
డేరాలో ఆఫీసు చేసే గుమాస్తా ఒకడు
ఆ ఇంట్లోనే బాడిగకుండె.
ప్రభుత్వం మూటాముల్లె కట్టుకోని హైదరాబాదు పోతే
వాడూ పోయె.
వదిలిపోయింది ఒక సిరాబుడ్డి,
మూడు నెలల బాకీ.
"రాజధాని మాకింగా పద్దెనిమిది రూపాయలియ్యల్ల"
అంటుంది బీబమ్మ. నవ్వదు.

ఆమె గోడ మీద, తలుపుకు బెత్తెడు పైన
ఒక మట్టి గీత.
ఏటా రంజానుకు సున్నం కొడతారు,
గీత దగ్గర కుంచె చుట్టు తిరిగి పోతుంది.
రెండువేల తొమ్మిది, గాంధీ జయంతి.
ఇటు నుంచి హంద్రి, అటు నుంచి తుంగభద్ర,
ఈ గేరిలోనే కలుసుకుందామని
ఎందుకనుకున్యాయో.
మిద్దెల మీద జనం, చుట్టూ నీళ్ళు,
తాగను చుక్క లేదు.
మౌలాలి తాళంచెవి పట్టుకోని
మిద్దె మీదనే నిలబడినాడంట రెండు రాత్రులు.
ఏం తిప్పుదామనో.

పోయిన నెల కొత్త ఇంజనీరు సారొచ్చినాడు.
కంప్యూటర్లో గీతలు, చక్కటి గీతలు.
పాత లైను చూపించమంటే నడిపించినా.
కోట రాళ్ళు నాలుగిండ్లకు పునాదులైన చోట ఒక వంకర.
మసీదు కొళాయికీ అమ్మవారి గుడి కొళాయికీ
ఒకే పైపు చీలే మూల ఇంకో వంకర,
ఈడ తవ్వొద్దని ఇద్దరూ చెప్పే చోటు.
కంచరోళ్ళ గల్లీలో మూడు వంకరలు, అవి నాకూ తెలియవు.
సారు చెమట తుడుచుకోని అడిగె:
"ఇంత వంకరగా ఎందుకేసినారయ్యా?"
"పైపుకంటే ముందు మనుషులుండిరి సార్."
ఆయన దాన్ని కంప్యూటర్లో ఎక్కించుకోలేదు.

కందనవోలు అంటారు కదా దీన్ని.
అలంపురానికి రాళ్ళు మోసే బండ్లు
ఏరు దాటేముందర ఇరుసులకు
కందెన పూసుకోను ఆగిన రేవంట.
నిజమో కాదో మౌలాలి కూడా చెప్పలేడు.
గుళ్ళు కట్టించినోళ్ళ పేర్లు
ఆ ఒడ్డున రాళ్ళ మీద ఉండాయి.
ఈ ఒడ్డున మిగిలింది వేలికంటిన జిడ్డు,
దాన్నే ఊరని పిలుచుకుంటాం.

నాలుగయింది.
బండ లేపినా.
డబ్బాలో వేలు ముంచి మెడకు పూసినా.
ఎడమకి. ఎడమకి.
పన్నెండు దగ్గర ఎప్పుడూ మొరాయిస్తుంది.
పదమూడు.
పద్నాలుగు.
అర.

లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు.
సున్నపు బట్టీ సందులోంచి ఆడపిల్ల కేక:
"మ్మా, వచ్చినాయి! ఎర్రగుండాయి!"
"కాసేపు ఇడ్సు పాపా" అని అరిచినా.

బీబమ్మ పీట పట్టుకోని నిలబడుంది,
బండ ఎప్పుడు పెడతానా అని.